బావ సీసాకు మూడు చుక్కలు

మాఘం 9

సుగుణ డాక్టరమ్మ ఈ పుస్తకం నా చేతిలో పెట్టి, రోజూ టిక్కులు కొట్టి ఊరుకోకుండా చూసింది చూసినట్టు రాయమంది. నేను ఎనిమిదో తరగతిలో పంతులుగారి కుర్చీకి జిగురు పూసి బడి మానేసిన మనిషిని. నా రాత వంకరగా ఉంటే ఆయనదే తప్పు, కాస్త తొందరగా లేచి ఉండాల్సింది.

నా పేరు తవిటయ్య, వయసు నలభై తొమ్మిది. గట్టుపేట ఊపిరికొట్టులో మూడువందల నలభై సీసాలను మేపడం నా ఉద్యోగం. ఊళ్లో పెద్దవాళ్లందరికీ తలా ఒక సీసా. కార్తీకంలో మనిషిని పడుకోబెట్టి, ఊపిరితిత్తుల్లోకి ఉప్పునీళ్లు పంపి, కడిగి, వెనక్కి లాగుతారు. ఆ కడుగునీళ్లలో వచ్చిన కావలి కణాలను సీసాలో పెంచి, ఫాల్గుణంలో మంచుతుంపరలా చేసి తిరిగి పీల్పిస్తారు. డాక్టరమ్మ వాటికి మూరెడు పేరు చెబుతుంది. ఊళ్లో మాత్రం కావలోళ్లనే అంటారు.

ఈలోగా నేను వాటికి రోజూ చారు మార్చాలి, చిటికెడు ఇనుపపొడి వెయ్యాలి, టిక్కు కొట్టాలి. మా ముత్తాతల కాలంలో భూమిని చల్లబరుస్తామని ఓడలకొద్దీ ఇనుపపొడి సముద్రం మీద చల్లారట. వాళ్లు చల్లగా పోయారు. పొడి ఒడ్డున మేటలు వేసి, ఏటా ఎండాకాలం ఎర్రగాలిలో మా ముక్కుల్లోకి వస్తోంది. మాస్కును అది ఖాతరు చెయ్యదు. రోజూ ఇంత తిని అలవాటుపడ్డ కావలోడు ఆ గాలికి నిలబడతాడు. అలవాటు లేనివాడు పగిలిపోతాడు.

ఈ రోజు విశేషం: మా బావ కూర్మారావును పిలిచి, అతని సీసాను మైక్రోస్కోపు కింద చూపించి, నీ కావలోళ్లు సమ్మె కట్టారు, నీ చుట్ట కంపు భరించలేకపోతున్నారట అని చెప్పాను. అవి కదలకపోవడం చూసి నమ్మాడు. అవి మామూలుగానే గంటకో వెంట్రుకవాసి జరుగుతాయి. మధ్యాహ్నం దాకా చుట్ట ముట్టలేదు. సంగతి తెలిశాక చెప్పు చేతపట్టుకుని కొట్టు చుట్టూ రెండుసార్లు తరిమాడు. బావను ఏడిపించలేని బావమరిది పుట్టి ఏం లాభం?

మాఘం 14

మా నూకాలక్క వచ్చింది, కూర్మారావు భార్య. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు. నన్ను పెంచింది వీళ్లిద్దరే. అక్క గరిటెతో కొడితే బావ భుజానెక్కించుకుని గట్టు మీద తిప్పేవాడు.

చెంబుతో మజ్జిగ తెచ్చింది. నేను తాగుతున్నంతసేపూ వెచ్చటి బీరువాలోకి తొంగిచూసి, బావ సీసాను అరచేత్తో పట్టుకుని, పసిపిల్లాడి నుదురు చూసినట్టు చూసింది.

"ఒరే తవిటీ, ఇదేట్రా ఇలగ కాలిపోతంది?"

ఒంట్లో ఎంత వేడి ఉంటుందో సీసాకీ అంతే వేడి ఉండాలని చెప్పాను. వినలేదు. రోజూ ఇనుము పెడితే వేడి చెయ్యక ఏం చేస్తుందంది. బావ ఎర్రగాలిలో నలభై అడుగుల స్తంభం ఎక్కి, ఊళ్లోకి మట్టి రాకుండా కట్టిన తెరలు దులిపే మనిషి, ఊరందరికంటే ఎక్కువ మట్టి పీల్చేవాడు, అతని కావలోళ్లను ఇప్పటినుంచే కాలిస్తే అక్కడికెళ్లి ఏం నిలబడతారంది.

"కొంచెం సలవ సెయ్యరా. నీకు పుణ్యముంటాది."

కొట్టులో చలవనూనె ఉంది. గోధుమమొలకల నుంచి తీసింది, పైదేశం నుంచి ఏడాదికొక డబ్బా వస్తుంది. కావలోళ్లను సీసా నుంచి మనిషిలోకి పంపే రోజున, దారిలో పాడవకుండా సీసాకొక చుక్క వేస్తాం. అక్క ముందు డబ్బా తెరిచి బావ సీసాలో మూడు చుక్కలు పోశాను. చిటికెడు ఇనుము మానేశాను. ఆవిడ మొహం తేటపడింది. అక్క మొహం అలా తేటపడి ఎన్నాళ్లయిందో.

టిక్కు మాత్రం కొట్టాను. డాక్టరమ్మకు చెబితే నాలుగు గంటలు పాఠం చెబుతుంది.

మాఘం 23

అక్క నోట్లో నువ్వుగింజ నానదు. తెరల జట్టులో మేస్త్రీ మా బావతో కలిపి ఆరుగురు. మిగిలిన ఐదుగురి భార్యలూ వరసగా వచ్చారు. ఒకావిడ వడపప్పు తెచ్చింది, ఒకావిడ సబ్జాగింజల నీళ్లు తెచ్చి నేరుగా సీసాలోనే పొయ్యమంది. అవి నేను తాగి, సీసాల్లో చలవనూనె పోశాను. వాళ్ల మొగుళ్ల ప్రాణాలు నా చేతిలో ఉన్నట్టు నా వైపు చూస్తుంటే నాకూ బాగానే ఉంది. ఇన్నేళ్లలో ఈ ఊళ్లో నన్ను ఎవరూ అలా చూడలేదు.

ఆరు సీసాలకు రోజూ మూడేసి చుక్కలు. ఇనుము వరసలో రోజూ ఆరు దొంగ టిక్కులు.

ఫాల్గుణం 4

డాక్టరమ్మ సీసాలన్నీ తనిఖీ చేసింది. మామూలుగా సీసాకు పదింట ఒకటి చచ్చి అడుగున చేరతాయి. ఆ ఆరింటిలో ఒక్కటి చావలేదు. గుండ్రంగా, నిగనిగలాడుతూ, పెళ్లివారిలా కూర్చున్నాయి. ఆవిడ రెండోసారి చూసింది, మూడోసారి చూసింది.

ఏం చేశావని అడిగితే, రోజూ వీళ్లకు జోకులు చెబుతున్నాను, మిగతావాళ్లకు అర్థం కావడం లేదు అన్నాను. నవ్వింది. నవ్విన సంతోషంలో పాఠం మొదలుపెట్టింది.

కావలోడు ఇనుమును మింగి లోపల పెట్టెల్లో పెట్టి మూతవేస్తాడట. పెట్టెల్లో పట్టని ఇనుము వాడి ఒంటిపొరలో ఉండే కొవ్వుకు తుప్పు పట్టిస్తుందట. కొవ్వుకు తుప్పేమిటని నవ్వాను. పాత నూనె చెడిపోయి కంపు కొట్టదా, అలాంటిదే, ఒకచోట మొదలైతే పొరంతా పాకుతుంది అంది. అందుకని కావలోడు లోపల తుప్పును ఎప్పటికప్పుడు విరిచేసే సరుకు తానే తయారుచేసుకుంటాడు. రోజూ చిటికెడు ఇనుము తగిలితేనే పెట్టెలూ పెరుగుతాయి, ఆ సరుకూ పెరుగుతుంది, మానేస్తే రెండూ తరిగిపోతాయి. చలవనూనె కూడా తుప్పును ఆపుతుంది గాని, అది ఉన్నంతసేపే.

ఆవలిస్తూ విన్నాను. ఉన్నంతసేపే అన్న మాట దగ్గర ఆవలింత ఆగింది. కానీ అప్పటికి ఆవిడ తర్వాతి సీసా దగ్గరికి వెళ్లిపోయింది. అడిగితే టిక్కుల సంగతి బయటపడుతుంది. సీసాలు నిగనిగలాడుతున్నాయి కదా, అందులో తప్పేముంటుంది అనుకున్నాను.

ఫాల్గుణం 18

పీల్పించే రోజు. ఊరంతా వరసకట్టింది. బావ గొట్టం మూతికి పెట్టుకుని కళ్లు మూసుకుని పీల్చాడు. ఎలా ఉంది బావా అంటే, మీ అక్క చేపలపులుసు పొగలా ఉందన్నాడు. అక్క వాకిట్లో నిలబడి రెండు చేతులూ జోడించింది, ఎవరికో తెలియదు, నా వైపే తిరిగి ఉంది.

ఫాల్గుణం 21

బావ సీసాలో అడుగున గరిటెడు మిగిలాయి. చారు పారబోసే ముందు సరదాకి చిటికెడు ఇనుము వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. నూనె పోసి మూడు రోజులైంది.

మొదట ఆబగా మింగాయి. నాకు గర్వంగా కూడా అనిపించింది. కాసేపటికి ఒకదాని అంచు ఉబ్బింది. బుడగలా ఉబ్బి పగిలింది. మింగిన ఇనుమంతా బయటికి కక్కింది. అది పక్కదానికి తగిలింది. అదీ ఉబ్బింది. కట్టెల మోపుకు ఒక మూల నిప్పంటుకున్నట్టు ఆ వరస అటునుంచి ఇటు నడిచి వచ్చింది. నేను టీ పెట్టుకున్నాను, అది తాగకముందే అంతా అయిపోయింది.

మా వీధి చివరి బడ్డీకొట్టు యజమాని సీసాలో మిగిలినవి తీసి అలాగే ఇనుము వేశాను. వాడి కావలోళ్లు తిన్నారు, కూర్చున్నారు. కాసేపు చూశాను. ఇంకా కూర్చునే ఉన్నారు.

ఫాల్గుణం 22

డాక్టరమ్మకు చెప్పాను. మొదట నవ్వడానికి మొహం సిద్ధం చేసుకుంది. నా మొహం చూసి ఆపేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

సీసాలో ఇనుము అలవాటు చేయడానికి నలభై రోజులు కావాలి. మనిషి లోపలికి వెళ్లినవాటిని వెనక్కి ఏరి తీయలేం. రొమ్ములోనే కొద్దికొద్దిగా ఇనుప తుంపర పట్టించి చూద్దామంది. ఎర్రగాలికి మామూలుగా ఇంకో నలభై రోజుల పైన ఉంది. నూనె ఎంత మిగిలిందని అడిగింది. డబ్బా తెచ్చి వంచి చూపించాను. వెలుగులో డబ్బా అడుగు కనిపించింది.

కొట్టు తాళం, నూనె తాళం రెండూ తీసుకుని నడుముకు కట్టుకుంది. పుస్తకం మాత్రం నా దగ్గరే ఉంచమంది. ఇప్పుడన్నా నిజం రాయి అంది.

ఫాల్గుణం 24

బావకు చెప్పాను. గట్టు మీద తెరకు కుట్లు వేస్తున్నాడు. చెప్పడం పూర్తయ్యాక సూది ఆపకుండానే, ఈసారి కథ బాగా కట్టావురా, ఏడుపు కూడా పెట్టావు అన్నాడు. అక్క మీద ఒట్టేశాను. అప్పుడు సూది ఆగింది.

ఆ ఐదుగురికీ చెప్పావా అని అడిగాడు. లేదన్నాను. తను చెబుతానన్నాడు, ఇళ్లల్లో ఆడవాళ్లకు చెప్పొద్దని కూడా అంటానన్నాడు.

"మీ అక్కకి మాత్రం సెప్పకు. తనడిగిన సలవే ఇలగ సేసిందని తెలిస్తే అది బతకదు."

నేను సరే అన్నాను. మళ్లీ కుట్టడం మొదలుపెట్టాడు.

చైత్రం 3

ఆరు తెరలకు ఆరుగురు కావాలి. ఒక్క తెర మూసుకుపోయినా అటువైపు ఊరంతా మట్టి. డాక్టరమ్మ నిన్న పంచాయతీలో కారణం చెప్పకుండా అడిగింది, వేరేవాళ్లను ఎక్కించలేరా అని. గాలిలో ఊగే స్తంభం ఎక్కడానికి రెండేళ్ల తరిఫీదు కావాలన్నారు.

నేను ఎక్కుతానని లేచి నిలబడ్డాను. నా కావలోళ్లు రోజూ ఇనుము తిన్నవాళ్లే. ఈ పొద్దున్న గట్టు మీదికి వెళ్లి స్తంభం పట్టుకున్నాను. ఆరో మెట్టు మీద కళ్లు తిరిగాయి. ఎనిమిదో మెట్టు మీద కాలు జారి ఇసుకబస్తాల మీద పడ్డాను. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. లేచి మళ్లీ ఎక్కాను, మళ్లీ పడ్డాను. ఇంకా గట్టిగా నవ్వారు. ఇన్నేళ్లుగా వాళ్లను అలా నవ్వడానికి అలవాటు చేసింది నేనే.

మూడోసారి ఎక్కబోతే బావ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లాడు.

చైత్రం 9

ఎర్రగాలి ముందే వచ్చింది. ఇంకా ఇరవై రోజులకు పైనే టైముందనుకున్నాం. పొద్దున్న ఆరింటికి సముద్రం మీద ఇటుకరంగు గోడలా లేచింది. ఏడింటికి వాకిట్లో ముగ్గు ఎర్రబడింది.

ఆరుగురికీ పట్టించిన ఆ పదహారు రోజుల ఇనుప తుంపర సరిపోయిందా అని డాక్టరమ్మను అడిగాను. సగమన్నా కాలేదంది. ఉన్న నూనెను లెక్కవేసింది. స్తంభం ఎక్కేముందు పీలిస్తే ఆ పూటకు కావలోళ్ల ఒంటిపొరను కాస్తుంది. నెల్లాళ్ల గాలికి ఐదుగురికి వస్తుంది. ఆరుగురికైతే ఇరవై ఐదో రోజున అందరికీ ఒకేసారి అయిపోతుంది. గాలి చివరి రోజులే అన్నిటికంటే ముదురు.

ఆరుగురినీ కూర్చోబెట్టి చెప్పింది. బావ మాస్కు తాళ్లు కట్టుకుంటూనే, ఐదుగురికి చూడండమ్మా, ఈ మేస్త్రీగిరీ నాకు ఊరికే ఇవ్వలేదు కదా అన్నాడు. మిగిలినవాళ్లు ఒప్పుకోలేదు. చీట్లు వేద్దామన్నారు. మాటలు పెరిగే లోపల బావ బయటికెళ్లి స్తంభం ఎక్కేశాడు.

నేను కింద నిలబడి చూశాను. నేను చేయగలిగింది అదొక్కటే.

చైత్రం 20

బావ దగ్గులో ఎర్రజీర. డాక్టరమ్మ ఉప్పునీళ్లతో కడిగి, ఆ నీళ్లు నాకు ఇచ్చి లెక్కపెట్టమంది. చూపులో ఒక గడి తీసుకుని లెక్కపెడతాం. ఆరోగ్యంగా ఉంటే గడికి మూడువందలు.

నూట నలభై. వాటిలో సగం ఉబ్బి ఉన్నాయి.

మనం పుట్టకముందే ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టిన పాతకాపులట వీళ్లు. వీళ్లు పోతే ఆ ఖాళీల్లోకి రక్తంలోంచి కొత్తవాళ్లు వస్తారు. వాళ్లకు ఇనుము సంగతి తెలియదు. వచ్చినవాడు వచ్చినట్టే మింగి పగులుతాడు, వాడి ఇనుము పక్కవాడి మీద పడుతుంది. నాకు ఇప్పుడు పాఠం మొత్తం అర్థమవుతోంది. ఒక్క ఆవలింత కూడా రావడం లేదు.

చైత్రం 29

బావ ఇంకా ఎక్కుతున్నాడు. దిగాక గట్టు మీద పావుగంట కూర్చుంటే గాని నడవలేడు. బూట్లు దాచేశాను. వట్టికాళ్లతో ఎక్కాడు. అతని నిచ్చెనకు తాళం వేశాను. పక్క స్తంభం మీంచి తాడు పట్టుకుని దాటాడు. ఇదివరకైతే ఇలాంటి పనులు చేసి నవ్వి చచ్చేవాణ్ణి.

గడికి అరవై రెండు.

లెక్క ఎంతని బావ అడిగాడు. రెండువందల పైనే అన్నాను. ఒరే తవిటిగా, నీ అబద్ధాలు నాకు నలభై ఏళ్ల నుంచి తెలుసు, ఒక్కసారి నిజం చెప్పు అన్నాడు. చెప్పాను. తల ఊపాడు. ఆ ఐదుగురికీ ఎలా ఉందని అడిగాడు. బాగానే ఉన్నారని చెప్పాను. అది నిజమే.

వైశాఖం 10

గాలి మొన్న తగ్గింది. చివరి రోజు దాకా ఆరు తెరలూ నిలబడ్డాయి. ఊళ్లో ఒక్క పసిపిల్లకు కూడా దగ్గు రాలేదు. బావను స్తంభం మీంచి తాళ్లతో దించారు. ఆస్పత్రిలో గాలిగొట్టం పెట్టారు. వచ్చే ఏడు నూనె ఓడ వచ్చేదాకా డాక్టరమ్మ దగ్గర ఒక్క చుక్క లేదు.

ఈ రోజు పొద్దున్న ఆ ఐదుగురి భార్యలు కొట్టుకు వచ్చారు. వాళ్ల మొగుళ్లు గాలిలోంచి చెక్కుచెదరకుండా తిరిగొచ్చారు. చలవ చేసినందుకే అంటున్నారు. వచ్చే ఏడు మా అందరి సీసాలకూ చలవ చెయ్యాలి, అత్తలకూ ఆడపడుచులకూ కూడా చెయ్యాలి అని చీరకొంగుల్లో కట్టిన అరిసెలు బల్ల మీద పెట్టారు. డాక్టరమ్మ వచ్చి కుదరదని చెప్పి, ఇనుము ఎందుకో ఒక గంట విడమరచింది. తాళాలు తన నడుముకే ఉంటాయంది. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంత మంచి నూనెను దాచుకుంటోంది అనుకున్నట్టున్నారు. అయినా తాళం ఆవిడ దగ్గరే ఉంటుంది, నాకు భయం లేదు.

వాళ్లు వెళ్లాక అక్క వచ్చింది. గోడకు చేరగిలి నిలబడింది. ఐదుగురు బాగున్నారు, నా మనిషొక్కడే ఇలా ఎందుకయ్యాడని అడగడానికి వచ్చింది. అందరికీ ఒకే నూనె కదా, ఒకే చెయ్యి కదా. బావ తన వంతు నూనె పీల్చకుండా వాళ్లకు వదిలేశాడు, ఆ మాట అక్కకు చెప్పనివ్వలేదు. అది చెబితే నూనె ఎందుకు కావలసి వచ్చిందన్న ప్రశ్న వస్తుంది. దాని వెనకాల మాఘమాసమంతా వస్తుంది.

"ఒరే తవిటీ, మీ బావ సీసాకి సరిగ్గా పోసావా?"

నేను ఆవిడ కాళ్ల వైపు చూశాను. ఆస్పత్రికీ ఇంటికీ తిరిగి తిరిగి మడమలు పగిలి ఉన్నాయి.

"లేదక్కా. నీ ముందు పోసిందే. తర్వాత పొయ్యలేదు."

"ఎందుకురా?"

"ఆటకి."

వెంటనే నమ్మింది. ఒక్క క్షణం కూడా ఆగి ఆలోచించలేదు. నా నలభై తొమ్మిదేళ్ల బతుకూ ఆ మాటకు సాక్ష్యం చెప్పింది. కొడుతుందేమోనని ఎదురుచూశాను. కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

వైశాఖం 12

మూడువందల ముప్పై తొమ్మిది సీసాలు కడిగి ఆరబెట్టాను. వచ్చే కార్తీకానికి కావాలి. చేతికి పని ఉంటే మంచిదని డాక్టరమ్మ అంది. నన్ను పనిలోంచి తీసెయ్యమని రెండుసార్లు అడిగాను. ఈ పుస్తకం చదివిన తర్వాత ఎవడూ చిటికెడు తప్పించడు, నువ్వే మేపు అంది.

బావ లెక్క: గడికి పదకొండు. నిన్న పందొమ్మిది.

లెక్క చెప్పడానికి ఆస్పత్రికి వెళ్లాను. అక్క మంచం పక్కన కూర్చుని బావకు గంజి పడుతోంది. నేను గుమ్మంలో నిలబడ్డానని తెలిసినా తలెత్తలేదు. బావకు మాట రావడం లేదు. గొట్టం కిందినుంచి నన్నే చూస్తున్నాడు. వేళ్లతో లెక్క చూపించాను, ఒక చేతి వేళ్లన్నీ, ఇంకో చేతి వేళ్లన్నీ, మళ్లీ ఒకటి. అర్థమైనట్టు రెప్ప వేశాడు. చూపు తిప్పుకోలేదు. నా మొహంలో ఏదో వెతుకుతున్నట్టు, లేదా ఏదో చెప్పాలని ఉన్నట్టు చూస్తూనే ఉన్నాడు.

అక్క అతని గడ్డం పట్టుకుని, మొహాన్ని మెల్లగా తన వైపు తిప్పుకుంది. ఇంకో చెంచా పట్టింది.